ఇరవై మూడు పేర్లు

బందరు,
జూన్ 20.

ఫిలిప్‌కి అక్క రాసేది,

కాగితం మీద రాసి, దాన్ని ఫోటో తీసి, ఆ ఫోటోను వాట్సాప్‌లో పంపడమేమిటని మీ బావగారు నవ్వుతున్నారు. నవ్వనివ్వు. నాన్న జ్ఞాపకార్థ కూడిక గురించి మనం ఫోనులో అనుకున్న మాటలు నాకింకా చెవుల్లోనే ఉన్నాయి. ఇక ఏదున్నా రాసుకుందామని అప్పుడే అనుకున్నాం కదా. రాసేటప్పుడు నువ్వు మధ్యలో అడ్డుపడలేవు, నాకదొక సుఖం.

అసలు సంగతి చెబుతాను. మా పాలెం బడి, పక్క బడిలో కలిపేసే బళ్ళ జాబితాలో ఎక్కింది. నీకు తెలుసుగా, మంగినపూడికి ఇవతల, ఒక గది, ఒక వరండా, అయిదు తరగతులు, అన్నిటికీ నేనొక్కదాన్నే టీచర్ని. ఇరవై మంది కంటే తక్కువుంటే కలిపేస్తారట. ఆన్‌లైన్‌లో మాకు పోయినేటి లెక్క పద్దెనిమిదే కనిపిస్తోంది. ఇప్పుడు నా దగ్గర ఇరవై ముగ్గురున్నారు. అభ్యంతరం ఉంటే జూలై అయిదులోగా పిల్లల పేర్లతో సహా అర్జీ ఇవ్వమన్నారు.

పక్క బడి రెండున్నర కిలోమీటర్లు. నడకకు నేను భయపడను. మధ్యలో రోడ్డుంది. ఓడరేవు పనులకు రాళ్ళు తోలే లారీలు పగలంతా ఆ రోడ్డు మీదే. మా దివ్యశ్రీ ఒకటో తరగతి, నా నడుము దాకా కూడా రాదు. ఆ పిల్లల తల్లులు తెల్లారేసరికి చేపల తట్టలతో బందరు వచ్చేస్తారు, తండ్రులు సముద్రం మీద ఉంటారు. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించడానికి ఇంట్లో ఎవరుంటారు? బడి తీసేస్తే సగం మంది చదువు మానేస్తారు, మిగతా సగం మంది ఆ రోడ్డు మీద ఉంటారు. రెండిట్లో ఏది తలుచుకున్నా అన్నం సయించడం లేదు.

పద్దెనిమిది ఇరవై మూడు ఎలా అయిందని అడక్కు. సెలవుల్లో ఒక పని చేశాను. తప్పే. ఎలాగైనా ఇరవై దాటించాలని చేశాను. బయటపడితే పాలెంలో తలెత్తుకోలేను. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, నీకైనా పూర్తిగా చెప్పడం లేదు చూడు.

అర్జీ నువ్వు రాసిపెట్టాలి. నీ భాషకు ఆఫీసువాళ్ళు కూడా కాస్త తగ్గుతారు. కంప్యూటర్ మీద నాకు రెండు వేళ్ళే ఆడతాయి, ఆ రెండూ కూడా ఒకదాన్నొకటి నమ్మవు.

వేళకు తిను.
సుప్రియక్క

*

మాల్దీవులు,
జూన్ 24.

అక్కకు వందనాలు,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో కూర్చుని చదివాను. పక్కనే ఉన్న మా లెక్కల మాస్టారు "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా" అని అడిగాడు. నా ముఖం అలా ఉందట.

ఇక్కడి సంగతి చెబితే నీకు మండుతుంది, అయినా చెబుతాను. ఈ దేశం మొత్తం కలిపినా మన కృష్ణా జిల్లా జనంలో మూడోవంతు ఉంటారేమో. నేనున్న దీవిని అరగంటలో చుట్టి రావచ్చు. మా బడిలో నలభై ఒక్కమంది పిల్లలు. వాళ్ళకోసం ప్రభుత్వం నాలాంటి వాళ్ళను సముద్రం దాటించి తెచ్చుకుని జీతమిస్తోంది, పుస్తకాలు ఊరికే ఇస్తోంది, పొద్దున టిఫిన్ కూడా బడిలోనే. పోయిన నెల మా పిల్లల డప్పుల బృందాన్ని రాజధానిలో పండక్కి సర్కారు పడవలోనే తీసుకెళ్ళారు. ఆరువందల మంది ఉండే ఊరికి రేవు కట్టారు. పిల్లలు తగ్గారు కాబట్టి బడి తీసేద్దామని ఇక్కడా అనేవాళ్ళున్నారు, కాని దీవి మీద బడి మూస్తే దీవి ఖాళీ అవుతుందని అందరికీ భయం. ఇదంతా అర్జీలో పెడతాను. చిన్న దేశం చెయ్యగలిగింది మనం చెయ్యలేమా అని అడుగుతాను.

నా ఏడో తరగతిలో పదకొండు మంది. వాళ్ళలో నలుగురు అహ్మద్‌లు. మొదటి వారం నేను అహ్మద్ అని పిలిస్తే నలుగురూ లేచేవారు, మిగతా ఏడుగురూ నవ్వేవారు. ఇప్పుడు కళ్ళజోడు అహ్మద్, పడవ అహ్మద్ అని నేనే పెట్టుకున్నాను.

హాజరుపట్టీ ఫోటో తీసి పంపు, జాబితా టైపు చేస్తాను. కాని అక్కా, సెలవుల్లో నువ్వు చేసిన పని ఏమిటి? నువ్వు అడక్కు అన్నావు, నేను అడగకుండా ఉండలేకపోతున్నాను. నాన్న సంగతి ఒక్కసారి తలుచుకో. ఇంతకంటే నేను రాయలేను.

ఆదివారం ఇక్కడ పనిరోజు. గదిలోనే కూర్చుని ప్రార్థన చేసుకుంటాను, అందులో నీ పేరు ముందుంటుంది.

నీ తమ్ముడు,
ఫిలిప్

*

బందరు,
జూన్ 27.

ఫిలిప్‌కి,

నాన్న పేరు ఎత్తకుండా నువ్వు ఒక్క ఉత్తరమైనా రాయగలవా అని చూస్తున్నాను. లేదు. సరే.

హాజరుపట్టీ ఫోటో దీంతో పెట్టాను. క్రమసంఖ్య, పేరు, ఎదురుగా తరగతి అంకె, అంతే ఉంటాయి. నా అక్షరం బాగానే ఉంటుంది కాబట్టి నీకు ఇబ్బంది ఉండదు.

నేను చేసిన పని కాగితం మీద పెట్టను. నీ ఫోను ఎవరి చేతిలో పడుతుందో, నా ఫోను ఎవరి చేతిలో పడుతుందో. మాధవీలతగారికి ఒక్కరికే తెలుసు. ఆవిడ నీకు తెలియదు కదూ. శనివారం శనివారం కూచిపూడి నుంచి బస్సులో వచ్చి మా పిల్లలకు నాట్యం నేర్పుతారు, పోయినేడాది ఏదో పథకం కింద ప్రభుత్వం పంపిన మనిషి. ఎవరు వచ్చి ఏమడిగినా నోరు మెదపవద్దని చేతులు పట్టుకుని చెప్పాను. ఆవిడ తలైతే ఊపారు కాని, అబద్ధం చెప్పే ముఖం కాదు ఆవిడది. నాకు అదొక దిగులు.

మా వరండాలో పిల్లలు అడుగులు వేస్తుంటే చూడాలి నువ్వు. వలలు బాగుచేసుకునే ముసలాళ్ళు కూడా పని ఆపి చూస్తారు. దివ్యశ్రీకి నడుము వంగదు, పట్టుదల మాత్రం వంచలేం. మొన్న వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి, "మేడమ్ గారండీ, బడి తీసేత్తే ఈ డాన్సు కూడా పోద్దాండీ?" అంది. పోదులే అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

రేవులో బురద, స్కూటీ రెండుసార్లు పడింది. నాకేం కాలేదు. త్వరగా పంపు, చివరిదాకా ఉంచకు.

అక్క

*

మాల్దీవులు,
జూలై 3.

అక్కా,

ఆలస్యమైంది. మూడు రోజులు కూర్చుని రాశాను. ఇందులో అర్జీ రెండు పేజీలు, జాబితా ఒక పేజీ ఉన్నాయి. అర్జీలో పిల్లల సంఖ్య మీద వాదన పెట్టలేదు. రోడ్డు మీద పెట్టాను, లారీల మీద పెట్టాను, తల్లులు ఇంట్లో లేని పొద్దుల మీద పెట్టాను. బడి అంటే తలలు లెక్కపెట్టే చోటు కాదని, ఊరు నిలబడడానికి పెట్టే ఖర్చని రాశాను. ఆ వాక్యం రాసి నాకు నేనే రెండుసార్లు చదువుకున్నాను, నవ్వకు. సంఖ్య ఎంతైనా సరే ఈ బడి ఉండాలి అన్నది మన వాదన. గెలిస్తే అలా గెలవాలి.

జాబితాను కొంచెం సరిచేశాను. ఎందుకో నీకు తెలుసు, నాకు తెలుసు. ఇక దాన్ని గురించి నేను అడగను, నువ్వు చెప్పనూ వద్దు. నువ్వు ఏ బాధలో ఉండి చేశావో ఊహించగలను. నిన్ను తప్పుపట్టడం లేదు అక్కా. ఎవరూ వేలెత్తి చూపకుండా చేద్దామనే నా తాపత్రయం.

సంతకం పెట్టి ఇచ్చెయ్యి. నిశ్చింతగా ఉండు.

ఫిలిప్

*

బందరు,
జూలై 6.

ఫిలిప్‌కి ఆశీస్సులు,

ఇచ్చేశాను! నిన్న సాయంత్రం ఆఫీసు మూసే వేళకు. నీ ఉత్తరం అందిన పూటే బందరులో కరెంటు పోయింది, మర్నాడు గుడివాడ నుంచి వచ్చిన మీ బావగారి పిన్నికి ఆయాసం, ఆస్పత్రి. అయిదో తేదీ మూడు గంటలకు జిరాక్స్ షాపుకి పరుగెత్తాను. వాన. చీర కొంగు కింద కాగితాలు పెట్టుకుని ఆటోలో కూర్చుని అర్జీ చదివాను. ఊరు నిలబడడానికి పెట్టే ఖర్చు అన్న చోట నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత బాగా రాస్తావని నాకెప్పుడూ చెప్పలేదేం? అర్జీ పూర్తయ్యేసరికి మబ్బు కమ్మేసింది, జాబితా చూడ్డానికి వెలుతురు లేదు. నువ్వు సరిచేశానన్నావు కదా, గుణింతాలు, దీర్ఘాలు దిద్ది ఉంటావు. నా రాతను తప్పుపట్టే అలవాటు నీకు మూడో తరగతి నుంచీ ఉంది. నువ్వు చేశాక చూసేదేముందని చివర సంతకం గీకి ఇచ్చేశాను.

గుమాస్తా ముద్ర వేసి, "హియరింగ్‌కి పిలుస్తారు మేడమ్, పట్టీ ఒరిజినల్ తెచ్చుకోండి" అన్నాడు.

నన్ను తప్పుపట్టడం లేదన్నావు. చల్లగా అనిపించింది. తెలిసినా కోప్పడలేదు, నీకు ఎలా తెలిసిందో మాత్రం అర్థం కాలేదు. మాధవీలతగారి పేరు చూసి ఊహించావా?

పాలెంలో అర్జీని చదివి వినిపించాను. పెద్ద పోలయ్యగారని, పాలెంలో ఆయన మాటే మాట, "మీ తమ్ముడుగారు సముద్రం అవతలుండి మా కోసం ఇంత రాశారా అండీ" అని కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నీకు ఎండు రొయ్యలు పంపుతానంటున్నాడు. ఆ దీవిలో చేపలు దొరకవనుకుంటున్నాడు పాపం.

ఇప్పుడు ఎదురుచూడడమే మిగిలింది.

అక్క

*

బందరు,
జూలై 15.

ఫిలిప్,

ఈరోజు హియరింగ్‌కి వెళ్ళాను. పట్టీ బల్ల మీద పెట్టాను. ఆఫీసరు దాన్ని లెక్కపెట్టి ఇరవై మూడు అన్నాడు. నీ జాబితా తీసి లెక్కపెట్టి పద్దెనిమిది అన్నాడు. "రెండింటి కిందా మీ సంతకమే ఉంది. ఏది నిజం మేడమ్? అయిదుగురు లేరని మీరే రాసిచ్చారే" అన్నాడు. గదిలో ఇంకా ఆరుగురు టీచర్లున్నారు. దొంగ హాజరు వేశానని అనుమానిస్తూ నాకు మెమో ఇచ్చారు. ఇరవై మూడో తేదీన పాలెం వచ్చి తలలు లెక్కపెడతారట. ఒక్క పేరు అబద్ధమని తేలినా బడితో పాటు నేనూ పోతాను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని నీ జాబితా మొదటిసారి చదివాను. ముగ్గురు పోలయ్యలు లేరు. ఇద్దరు పాపాయమ్మలు లేరు.

పాలెంలో సగం మంది పెద్ద పోలయ్య కొడుకులు, మనవలు. ఆయనకు అయిదుగురు కొడుకులు. ఏ కొడుక్కి మొదట మగపిల్లాడు పుట్టినా తాత పేరు పెట్టాలి, ఆడపిల్ల పుడితే నాయనమ్మ పాపాయమ్మ పేరు పెట్టాలి. పెట్టకపోతే ముసలాయన ఆ ఇంట్లో మంచినీళ్ళు ముట్టడు. ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే. నా బడిలో నలుగురు పోలయ్యలు, ముగ్గురు పాపాయమ్మలు. గట్టు పోలయ్య, రేవు పోలయ్య, నత్తి పోలయ్య, రెండో తరగతి బుడ్డ పోలయ్య. ఒక్కొక్కడిదీ ఒక్కో గోల. ఎదురుగా తరగతి అంకె వేశానే, చూడలేదా?

నలుగురు అహ్మద్‌లను నమ్మావు. నలుగురు పోలయ్యలను నమ్మలేకపోయావు. ఎందుకంటే అక్కడ పిలిచింది నువ్వు, ఇక్కడ పిలిచింది నేను.

నేను చేసిన తప్పేమిటో ఇప్పుడు విను. నాట్యం పథకం మార్చిలోనే ఆగిపోయింది. మాధవీలతగారికి జీతం లేదు. నేను సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి, ప్రభుత్వం ఈ ఏడాది కూడా నాట్యం నేర్పిస్తుందని చెప్పి, బస్సెక్కి ప్రైవేటు బడికి పోయే అయిదుగురిని నా బడిలో చేర్పించాను. ఆవిడ ఊరికే వస్తున్నారు, బస్సు చార్జీ నేనిస్తున్నాను. తల్లులకు అబద్ధం చెప్పాను. పిల్లల్ని పుట్టించలేదు.

ఇంకొకటి కూడా విను, ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది. నాన్న దివిసీమలో ఎయిడెడ్ బడి నడిపేటప్పుడు, అసిస్టెంటు రాఘవమ్మగారి పోస్టు పోకుండా పదకొండు దొంగ పేర్లు వేశారు. ఆ పేర్లు రాసింది నేను. నాకు పదమూడేళ్ళు, అక్షరం గుండ్రంగా ఉంటుందని నన్ను కూర్చోబెట్టారు. ఏం పేర్లు వెయ్యాలని అడిగితే నీకు తోచినవి వెయ్యమ్మా అన్నారు. నాకు సరదా వేసింది. లేని పిల్లకు కుమారి అని పెట్టాను. ఆ తర్వాత అది బయటపడి, ఉద్యోగంలోంచి తీసేసిన రోజు నాన్న ఇంటికొచ్చి నా వంక చూడలేదు, గోడవంక చూస్తూ నిలబడ్డారు. అప్పటినుంచి నాకు పిల్లల్ని లెక్కపెట్టడం జబ్బు. రోజూ తల మీద చెయ్యి వేసి లెక్కపెడతాను. దొంగ పేరు నేను వేస్తానా ఫిలిప్?

సుప్రియ

*

మాల్దీవులు,
జూలై 16.

అక్కా,

నిన్న రాత్రి నుంచి నాలుగు కాగితాలు రాసి చింపేశాను. క్షమించు అన్న మాట ఈ కాగితం మీద మరీ చిన్నదిగా కనిపిస్తోంది.

నేనెలా పొరపడ్డానో చెబుతాను, సమర్థించుకోవడానికి కాదు. పోయినేడు పద్దెనిమిది, ఇప్పుడు ఇరవై మూడు. నువ్వు తప్పు చేశానన్నావు. పట్టీలో మళ్ళీ మళ్ళీ వచ్చిన పేర్లు లెక్కపెడితే సరిగ్గా అయిదు. తరగతి అంకెలు చూశాను. అనుమానం రాకుండా తరగతికొకటి చొప్పున సర్దావనుకున్నాను. లెక్క అతికినట్టు సరిపోయింది. సరిపోయిందని భయపడ్డాను కాని, సరిపోయింది కాబట్టి అడగాలని తోచలేదు. పంతులు బుద్ధి, జవాబు వచ్చాక లెక్క మళ్ళీ చెయ్యదు.

నాకు అప్పుడు ఏడేళ్ళు. చల్లపల్లి వచ్చేశాక నాన్న ధాన్యం కొట్టులో గుమాస్తాగా కూర్చునేవారు. నన్ను బడిలో హాజరు పిలిచినప్పుడల్లా వెనక బెంచీవాళ్ళు "వీడు ఉన్నాడాండీ నిజంగా?" అని అరిచేవారు. టీచరు కూడా ఒకసారి నవ్వింది. నీకూ అలా జరుగుతుందేమోనని వణికాను. నిన్ను కాపాడుతున్నాననుకుంటూ నిన్ను తీసుకెళ్ళి అక్కడే నిలబెట్టాను.

పేర్లు నువ్వు రాశావని నాకు తెలియదు. పదమూడేళ్ళ పిల్లవి. నాన్న ఎందుకలా చేశారని ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టుకున్నాను, నీ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆఫీసరుకు నేను ఫోను చేస్తాను. జాబితా నేనే మార్చానని చెబుతాను. నంబరు పంపు. సెలవు పెట్టి రమ్మంటే వస్తాను, ఒప్పందం పోతే పోనీ. ఇరవై మూడో తేదీ ఎలా గడుస్తుందో తలుచుకుంటే ఇక్కడ పాఠం మధ్యలో ఆగిపోతున్నాను.

ఫిలిప్

*

బందరు,
జూలై 24.

ఫిలిప్‌కి,

నంబరు కావాలనే పంపలేదు. నువ్వు ఫోనులో ఎలా మాట్లాడతావో నాకంటే ఎవరికి తెలుసు?

నిన్న వచ్చారు, ఆఫీసరూ ఇంకో ఇద్దరూ. అంతకు ముందురోజే బుడ్డ పోలయ్యకు అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టేశారు. అలా కట్టాక ఆ ఇంట్లోకి బయటివాళ్ళు అడుగు పెట్టకూడదు, పిల్లాడు గడప దాటకూడదు. రోజులన్నీ పోయి ఆ రోజే! పైగా ఒక పాపాయమ్మ నాగాయలంక అమ్మమ్మ గారింట్లో ఉంది. వాళ్ళ నాన్న ప్రకాష్ వేట మానుకుని తెల్లవారుజామునే వెళ్ళి, అవనిగడ్డ మీదుగా బస్సులు మారి తీసుకొచ్చాడు. ఆఫీసరు జీపు, వీళ్ళ ఆటో ఒకేసారి వచ్చాయి.

వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి ఆఫీసరే పేర్లు పిలిచాడు. పోలయ్య అనగానే ముగ్గురు లేచారు. ఆయన నవ్వలేదు. ఒక్కొక్కడి ఆధార్ కార్డు, తండ్రి పేరు, అన్నీ రాసుకున్నాడు. "నాలుగోవాడేడి?" అన్నాడు. చెప్పాను. "ప్రతి బడిలో ఆ రోజే ఎవరికో జబ్బు చేస్తుంది మేడమ్" అన్నాడు. నాన్న గోడవంక చూస్తూ నిలబడింది గుర్తొచ్చింది.

అందరం ఆ ఇంటికి నడిచాం. నాయనమ్మ పాపాయమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "కలెక్టరుగారొచ్చినా కుదరదండీ. అమ్మ ఉంది లోపల. మీకు పిల్లల్లేరా?" అంది. లోపల చీకటి, ఏమీ కనిపించదు. ఆఫీసరు వాకిట్లో చెప్పులు విడిచాడు. తర్వాత నా వైపు తిరిగి, "మీరే పిలవండి, రోజూ ఎలా పిలుస్తారో అలాగే" అన్నాడు. నేను వాకిట్లో నిలబడి పట్టీ తెరిచి, రెండో తరగతి, క్రమసంఖ్య తొమ్మిది, పోలయ్య అని పిలిచాను. రెండోసారి ఇంకా గట్టిగా పిలిచాను. లోపలినుంచి, "ఉన్నానండీ! నుంచోమంటారా అండీ?" అన్నాడు.

వద్దు నాన్నా, పడుకో అన్నాను. అక్కడే ఏడ్చేశాను ఫిలిప్, అందరి ముందూ. ఆఫీసరు కాగితం మీద ఇరవై మూడు అని వేశాడు.

ఆయన వెళ్ళాక తల్లులకు నాట్యం సంగతి చెప్పేశాను. ఇక మోయలేకపోయాను. నలుగురు సరేలెమ్మన్నారు. ఒకాయన మాత్రం, పాపాయమ్మల్లో ఒకదాని తండ్రి, కూతుర్ని మళ్ళీ ప్రైవేటు బడి బస్సెక్కించాడు. ఆయన్ని ఏమనగలను? ఇక ఇరవై రెండు.

బడి ఈ ఏడాదికి ఉంటుందని చెప్పారు. ఆర్డరు రావాలి. తప్పు జాబితా ఇచ్చినందుకు నాకు ఏదో ఉంటుందట. ఉండనీ.

మాధవీలతగారు శనివారం వస్తానన్నారు.

అక్క

*

మాల్దీవులు,
జూలై 30.

అక్కా,

మీ బావగారు అంటావు కదా నువ్వెప్పుడూ, ఆ బావే నాకు మెసేజ్ పెట్టారు. ఆర్డరు వచ్చిందని, బడి ఉందని, నీ సర్వీసు రిజిస్టరులో మాత్రం విద్యార్థుల జాబితా తప్పుగా సమర్పించినందుకు మందలింపు అని ఎక్కించారని. నువ్వు ఆ మాట నాకు రాయలేదు. ఆయన నీకు చెప్పవద్దన్నారు, నేను చెప్పేస్తున్నాను.

నువ్వు దాచినందుకు బాధ లేదు. ఆ రాత నా చేతిది, నీ పుస్తకంలో ఉంది. రిటైరయ్యే దాకా ఉంటుంది. అది నేను చూస్తూ ఊరుకోలేను.

ఇందులో ఒక కాగితం పెట్టాను. ఆఫీసరుగారి పేరు మీద రాసి సంతకం చేశాను. అక్క ఇచ్చిన పట్టీలో ఇరవై మూడు పేర్లూ ఉన్నాయని, పేర్లు ఒకేలా ఉండడం చూసి అవి కల్పితమని నేనే భ్రమపడి, ఆమెకు చెప్పకుండా అయిదు పేర్లు తీసేశానని, తప్పంతా నాదని రాశాను. ఒక్క మాట కూడా దాచలేదు. దయచేసి ఇది తీసుకెళ్ళి ఇవ్వు. ఇది చదివితే ఆ మందలింపు కొట్టేస్తారు. కొట్టేసి తీరాలి.

నాకోసం ఇవ్వు. వేడుకుంటున్నాను.

ఫిలిప్

*

బందరు,
ఆగస్టు 5.

ఫిలిప్‌కి అక్క ఆశీస్సులు,

బుడ్డ పోలయ్య లేచాడు, బడికొస్తున్నాడు. ముఖమంతా మచ్చలు. హాజరు పిలిచినప్పుడు మిగతా ముగ్గురి కంటే ముందు వీడే అరుస్తున్నాడు, పిలిచేది ఎవర్నయినా సరే. రోడ్డు మీద లారీలు ఇంకా పెరిగాయి. వచ్చే ఏడాది ఎవరు పోతారో, ఎవరు మిగులుతారో, ఇరవై నిలుస్తుందో లేదో అని ఇప్పటినుంచే గుబులుగా ఉంది. నీ ఎండు రొయ్యలు మూటకట్టి మా ఇంట్లో పెట్టారు, ఇల్లంతా వాసన.

నీ కాగితం చదివాను. నాలుగుసార్లు చదివాను. నీ అర్జీ కంటే బాగుంది. దాన్ని సంచిలో పెట్టుకుని సోమవారం ఆఫీసు దాకా వెళ్ళాను కూడా. లోపలికి వెళ్ళకుండా తిరిగొచ్చేశాను.

నీ మీద కోపంతో కాదు. కోపం ఆ రోజు వాకిట్లోనే పోయింది. నువ్వు నన్ను కాపాడాలనుకున్నావని నాకు తెలుసు. కాని అది ఆయన చేతికిస్తే, చదివి తలెత్తి ఒకటే అడుగుతాడు. పుట్టినప్పటినుంచీ మిమ్మల్ని ఎరిగిన సొంత తమ్ముడే మీరు దొంగ పేర్లు వేశారని నమ్మాడు కదా మేడమ్, మమ్మల్నెలా నమ్మమంటారు అని.

దానికి నేనేం చెప్పాలో నువ్వు రాయలేదు.

సుప్రియక్క